మెదడు వ్యాధులు, నిమ్హాన్స్ వైద్యశాల: తల్లిదండ్రులకు కొన్ని మాటలు

బెంగుళూరులో ఒక వాడుక కలదు. ఎవరైనను పొంతన లేని మాట ఆడినచో, “వీనిని నిమ్హాన్స్‌కు పంపవలెను” అని నవ్వుదురు. కన్నడిగులు నవ్వుదురు, తమిళులు నవ్వుదురు, మన తెలుగువారును నవ్వుదురు. ఈ యొక్క విషయమున మాత్రము మనలో భాషాభేదము లేదు. నవ్వుటలో పెద్ద తప్పు లేదు గాని, ఆ నవ్వు వెనుక నున్న భయము వలన మన పాఠశాలలో ఒక పిల్లవాని చదువు ఎనిమిది నెలలు చెడినది. అందులో మా పాలును కలదు. ఆ సంగతి చెప్పుటకే ఈ వార్షిక సంచికలో మాకు లభించిన పుటలను వినియోగించుచున్నాము.

2023 జూలై మాసమున ఐదవ తరగతి ఉపాధ్యాయుడు ఒక ఉక్తలేఖన పుస్తకమును మా గదికి తెచ్చెను. “రైతు తెల్లవారకముందే లేచి ఎద్దులను తోలుకొని పొలమునకు పోయెను” అని ఆయన చెప్పగా, ఆ పిల్లవాడు “రైతు తెల్లవారకముందే లేచి పొలమునకు పోయెను” అని వ్రాసియుండెను. ఎద్దులు లేవు. పుట త్రిప్పి చూచినచో అట్టివి మరి నాలుగు కనబడినవి. అక్షరదోషములు లేవు, ఒత్తులు తప్పలేదు, వ్రాత కుదురుగానే యున్నది. నడుమ రెండు మూడు మాటలు మాత్రము ఎగిరిపోయినవి. మేము దానిని పరధ్యానమని తలచితిమి. పిల్లవానిని పిలిచి మందలించితిమి. ప్రగతి పత్రములో “పరధ్యానము హెచ్చు” అని మా చేతితోనే వ్రాసితిమి. బల్లపై నిలువబెట్టుటయు జరిగినది. ముప్పది సంవత్సరములుగా పిల్లలను చూచుచున్నవారమను గర్వము మాకు అడ్డు వచ్చినది.

కనిపెట్టినది ఉపాధ్యాయులు కారు, మధ్యాహ్న భోజనము వడ్డించు అమ్మ. ఒకనాడు ఆమె మాతో, “అయ్యవారూ, ఆ పిల్లోడు తట్ట పట్టుకొని నిలబడినట్టే ఎటో పోతాడు, మళ్ళా వస్తాడు. సాంబారు వేస్తా ఉంటే తట్ట వంగిపోతాది, వానికి తెలీదు” అని చెప్పినది. ఆ దినము మేమును ప్రక్కన నిలిచి చూచితిమి. కన్నులు ఒక చోట నిలిచిపోయెను, రెప్పలు సన్నగా అదరెను. పది సెకనులు గడచునో లేదో మరల నమలుట మొదలుపెట్టెను. పడలేదు, కొట్టుకొనలేదు. తనకు ఏదో జరిగినదని అతనికే తెలియదు.

తల్లిని పిలిపించి నిమ్హాన్స్‌కు తీసికొని పొమ్మంటిమి. ఆమె ముఖము మాడిపోయినది. “మావానికి పిచ్చి లేదు గదా అయ్యవారూ, ఆడికెందుకు పొమ్మంటారు? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?” అన్నది. ఇంటిలో అవ్వ దిష్టి తీసినది. తాయెత్తు కట్టిరి. ఆ విధముగా దసరా గడచినది, సంక్రాంతి గడచినది. పిల్లవాడు లెక్కలలోను వెనుకబడెను. తుదకు 2024 మార్చిలో, మేము కూడ వచ్చెదమని చెప్పిన మీదట, ఆమె అంగీకరించినది.

ఈ భయమునకు మూలము ఆ సంస్థ పుట్టుపూర్వోత్తరములలో కొంత కలదు. బెంగుళూరులో 1847 నాటికే మతిచలించినవారి కొరకు ఒక ఆశ్రయము ఉండెను. 1925లో దానికి మానసిక వైద్యశాల అని పేరు మార్చిరి. 1954లో దానికి తోడుగా అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడెను, డాక్టరు ఎం. వి. గోవిందస్వామిగారు దానికి తొలి డైరెక్టరు. 1974 డిసెంబరు 27న ఆ వైద్యశాలయు ఈ సంస్థయు ఏకమై, జాతీయ మానసిక ఆరోగ్య నాడీ విజ్ఞాన సంస్థ యైనవి. ఆ దీర్ఘమైన పేరునకు ఇంగ్లీషులోని పొడి అక్షరములే “నిమ్హాన్స్”. 2012 నాటి పార్లమెంటు చట్టము దానిని జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా గుర్తించినది.

పేరులో రెండు భాగములున్నవని తల్లిదండ్రులు గమనింపవలెను. మానసిక ఆరోగ్యము ఒకటి, నాడీ విజ్ఞానము మరియొకటి. మూర్ఛ, పక్షవాతము, వణుకుడు వాతము, మెదడులో గడ్డ, తలకు దెబ్బ, వెన్నుపాము జబ్బు ఇవన్నియు రెండవ దానికి చెందినవి. మందులతో చికిత్స చేయువారిని న్యూరాలజిస్టులనియు, శస్త్రచికిత్స చేయువారిని న్యూరో సర్జనులనియు అందురు. ఒకే ఆవరణలో ఈ రెండు విభాగములును, వాటికి తోడు పరీక్షాలయములును ఉండుట రోగికి గొప్ప మేలు. మానసిక వ్యాధికి పోవుటయు సిగ్గుపడవలసిన పని కాదు. అది వేరొక వ్యాసమునకు తగిన విషయము.

మన దేశమునకు ఈ శాస్త్రము మిక్కిలి పాతది కాదు. 1949లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టరు జేకబ్ చాండీగారు నాడీ శస్త్రచికిత్సా విభాగమును స్థాపించిరి. దేశమున అదియే మొదటిది. మరుసటి యేడు, 1950లో, మద్రాసు జనరల్ ఆసుపత్రిలో డాక్టరు బి. రామమూర్తిగారు రెండవ దానిని ఆరంభించిరి. బెంగుళూరులో ఆ పనికి పునాది వేసినవారు డాక్టరు ఆర్. ఎం. వర్మగారు, నిమ్హాన్స్ ఏర్పడినప్పుడు తొలి డైరెక్టరును వారే. మా తాతల కాలమున మెదడులో గడ్డ అనగా మరణమే. నేడు హోసూరు రోడ్డులో మన బస్సులు ప్రతిదినము ఆ గోడ ప్రక్కగానే పోవుచున్నవి.

ఇక పరీక్ష నాటి సంగతి. ఉదయముననే పోయి చీటి వ్రాయించుకొని వరండాలో కూర్చుంటిమి. జనము చాల హెచ్చు. మధ్యాహ్నము దాటునని ముందే తలచి అన్నము డబ్బా కట్టుకొని పోవుట మంచిది. ఆ వరండాలో అనంతపురము, చిత్తూరు జిల్లాల తెలుగు మాటలు విని ఆ తల్లికి కొంత ధైర్యము కలిగినది. లోపలికి పిలిచినప్పుడు మాత్రము, పెద్ద డాక్టరు గదా, కన్నడములో మాటాడుట మర్యాద యని తలచి, “తలె సుత్తు” అన్నది. తల తిరుగుట అని దాని అర్థము. తనకు తెలిసిన కన్నడపు మాటలలో అదియే దగ్గరగా తోచినది కాబోలు. డాక్టరుగారు తల తిరుగుటను గురించియే ప్రశ్నలు వేయసాగిరి. వాంతి యగునా, చెవిలో హోరు కలదా, లేచి నిలిచినప్పుడా అని అడిగిరి. దేనికిని జవాబు కుదరలేదు. అప్పుడు వారే నవ్వి, “అమ్మా, మీ ఇంట్లో ఎట్లా చెప్తారో అట్లా తెలుగులో చెప్పండి” అనిరి. ఆమె, “పిల్లోడు ఆగిపోతాడు సార్. కండ్లు నిలబడతాయి. చేతిలో ఉండేది అట్లే ఉంటాది. మళ్ళా తనంతట తనే ఆడతాడు” అన్నది.

ఆ నాలుగు వాక్యములే రోగమును పట్టించినవి. డాక్టరుగారు కలము క్రింద పెట్టి పిల్లవాని వైపు తిరిగి, గాలిని గట్టిగా పీల్చి వదలుచుండుమని చెప్పిరి. రెండు నిమిషములు గడచునప్పటికి, మా యెదుటనే పిల్లవాడు ఊదుట మాని నిలిచిపోయెను. కన్నులు పైకి పోయెను. తల్లి చేయి అడ్డు పెట్టబోగా డాక్టరుగారు వారించిరి. పది సెకనులకు పిల్లవాడు మరల ఊదుట మొదలుపెట్టెను. (ఈ పరీక్షను ఎవరును ఇంటిలో చేయరాదు.) మేము వెంట తీసికొని పోయిన ఉక్తలేఖన పుస్తకమును వారికి చూపితిమి. వారు ప్రతి పుటయు త్రిప్పి, తప్పిపోయిన మాటల చోట్లను వ్రేలితో లెక్కించిరి. మేము ఎఱ్ఱ సిరాతో సున్నలు చుట్టిన చోట్లు అవియే.

తరువాత ఇ.ఇ.జి. పరీక్ష చేసిరి. మెదడు నిరంతరము సన్నని విద్యుత్తుతో పని చేయుచుండును. తలపై చిన్న బిళ్ళలు అంటించి ఆ విద్యుత్తు హెచ్చుతగ్గులను గీతలుగా వ్రాయించుటయే ఆ పరీక్ష. నొప్పి ఉండదు, షాకు ఉండదు. ముందు దినము తలస్నానము చేయించి, నూనె రాయకుండ తీసికొని పోవలెను. ఒక్కొక్కప్పుడు రాత్రి తక్కువగా నిద్రపుచ్చి తెమ్మందురు. నూనె లేనిదే పిల్లవానిని గడప దాటనీయని మన అవ్వలకు ఈ మాట గట్టిగా చెప్పవలసియుండును. పిల్లవాని గీతలలో సెకనుకు మూడు చొప్పున పెద్ద అలలు వరుసగా లేచినవి. అది మూర్ఛలో ఒక రకము. ఇంగ్లీషులో ఆబ్సెన్స్ ఎపిలెప్సీ అందురు. నాలుగు మొదలు పది సంవత్సరముల వయస్సులో ఎక్కువగా మొదలగును. దినమునకు పదుల సార్లు రావచ్చును. మందునకు చక్కగా లొంగును. పిల్లవాడు పాఠము వినుటకు ఇష్టము లేక వినలేదని మేము తలచితిమి. ఆ క్షణములలో అతని మెదడు అతని స్వాధీనములో లేదు.

ఆ సంవత్సరమే పై తరగతుల పిల్లలను నిమ్హాన్స్‌లోని మెదడు ప్రదర్శనశాలకు తీసికొని పోయితిమి. చనిపోయినవారి మెదళ్ళను వారి బంధువుల సమ్మతితో స్వీకరించి, మందునీటిలో భద్రపరచి చూపుదురు. గాజుపాత్రలలో చూచుటయే గాక, చేతి తొడుగు వేసికొని ఒక మెదడును పట్టుకొని చూచుటకును అవకాశమిచ్చిరి. ఇంతకు మునుపు మేము పాఠములో “మానవుని మెదడు బరువు సుమారు 1,300 మొదలు 1,400 గ్రాములు” అని చెప్పుచు వచ్చితిమి. చేతిలో పెట్టినప్పుడు మాట రాలేదు. శరీరపు బరువులో నూటికి రెండు పాళ్ళున్న ఈ ముద్ద, మనము పీల్చు ప్రాణవాయువులో సుమారు ఐదవ వంతు వినియోగించును. కొన్ని నిమిషములు రక్తము అందకపోయినచో చెడిపోవును. అచ్చట పక్షవాతము వచ్చిన మెదడు కలదు, దెబ్బతో రక్తము గడ్డకట్టిన మెదడు కలదు, పురుగు బుడగలు నిండిన మెదడును కలదు. ఆ చివరి దానిని చూచి పిల్లలు ఆ సాయంకాలము పచ్చి కూరలు తినలేదని తరువాత తెలిసినది.

ఆ పురుగు సంగతి తల్లిదండ్రులు తెలిసికొనదగినది. మన దేశమున పిల్లలకు ఫిట్లు వచ్చుటకు అదియొక ముఖ్య కారణము. పంది మాంసము ద్వారా మనుష్యుని ప్రేగులలో పెరుగు బద్దెపురుగు గ్రుడ్లు మలముతో బయటికి వచ్చి, నీటిలోను, నేలపై పెరుగు ఆకుకూరలపైనను చేరును. వాటిని సరిగా కడుగక పచ్చిగా తిన్నవాని కడుపులోనికి గ్రుడ్లు పోయి, అందుండి మెదడునకు చేరి బుడగ కట్టును. కావున శాకాహారులకును ఇది వచ్చును. “మేము మాంసము ముట్టము, మాకెట్లు వచ్చును?” అని అడుగువారికి ఇదియే జవాబు. స్కానులో కనబడు ఇట్టి చిన్న మచ్చలను పూర్వము క్షయ గడ్డలని భావించి దీర్ఘకాలము క్షయ మందు ఇచ్చుచుండిరి. వాటిలో పెక్కు ఈ పురుగు బుడగలేనని 1980ల చివర వేలూరు శస్త్రవైద్యులు నిరూపించిరి. ఒకే చిన్న మచ్చ యున్న పిల్లలలో అది తరచుగా కాలక్రమమున మాసిపోవును.

మనలో మూర్ఛ అనగానే అందరికి తెలిసినది వేరొక రకము. ఒడలు బిగుసుకొనిపోవుట, కాలుసేతులు కొట్టుకొనుట, నోట నురుగు. అట్టిది మన పాఠశాలలోను ఒక బాలికకు వచ్చినది. అప్పుడు మేము చేసిన పని చెప్పుటకు సిగ్గగుచున్నది. ఒక ఉపాధ్యాయుడు బీరువా తాళపుచెవుల గుత్తి ఆమె చేతిలో పెట్టెను. మరియొకరు నోటిలో చెంచా దూర్చబోయిరి. నలుగురు కాలుసేతులను అదిమి పట్టిరి. ఇవి మూడును పనికిరానివి. ఇనుము పట్టుకొనుట వలన ఫిట్టు ఆగదు. ఒకటి రెండు నిమిషములలో అది తనంతట తానే ఆగును, ఆ కీర్తి తాళపుచెవికి దక్కును. నోటిలో ఏదైనను పెట్టినచో పండ్లు విరుగును, లేదా అది గొంతునకు అడ్డుపడును. అదిమి పట్టినచో ఎముక బెణుకును. చేయవలసినది చాల స్వల్పము. చుట్టునున్న బల్లలు, రాళ్ళు తొలగించి, మెడ దగ్గర గుండీలు వదులు చేసి, తల క్రింద మెత్తనిది పెట్టి, ఒక ప్రక్కకు పండబెట్టి, గడియారము చూచుచు ప్రక్కన కూర్చుండవలెను. తెలివి పూర్తిగా వచ్చువరకు నీరు సైతము పోయరాదు. ఐదు నిమిషములు దాటినను, తెలివి రాకమునుపే మరియొకటి వచ్చినను, ఊపిరి సరిగా ఆడకున్నను, తలకు దెబ్బ తగిలినను, మొదటిసారి వచ్చినదైనను, వెంటనే 108 వాహనమును పిలిచి ఆసుపత్రికి పోవలెను.

ఈ కర్ణాటకముననే విశేషముగా కనబడు మూర్ఛ ఒకటి కలదు. తలపై వేడినీళ్ళు చెంబులతో పోసికొనునప్పుడు మాత్రమే వచ్చును. వేడినీటి మూర్ఛ అని దీనికి పేరు. మైసూరు సీమలో ఇట్టివారిని చూచి, బెంగుళూరు నాడీవైద్యులు డాక్టరు కె. ఎస్. మణిగారు, వారి సహచరులు 1968లో దీనిని గురించి ప్రకటించిరి. తరువాత డాక్టరు పి. సతీశ్‌చంద్రగారు దీనిపై చాలకాలము పరిశోధించిరి. వారానికొకసారి కాగిన నీళ్ళతో తలంటి పోయుట మన ఇండ్లలోను ఆచారమే. స్నానాల గదిలో పిల్లవాడు మాట తప్పి తూలుట, అర్థము లేని మాటలాడుట, వద్దనుచున్నను ఇంకను ఇంకను నీళ్ళు పోసికొనుట కనబడినచో, ఆవిరి వలన కండ్లు తిరిగినవని తలచి ఊరకుండరాదు. ఇట్టివారికి తలపై పోయు నీళ్ళ వేడి తగ్గించుటయే మొదటి వైద్యము; చాలని యెడల స్నానమునకు ముందు వేసికొను మందును డాక్టరు చెప్పుదురు.

మూర్ఛ మందులు ఖరీదైనవని భయపడువారికి మరియొక సంగతి. చామరాజనగరము జిల్లా యళందూరు తాలూకా గ్రామములలో ఫినోబార్బిటోను, ఫెనిటాయిను అను పాతవి, చవుకవి యగు మాత్రలతో డాక్టరు మణిగారి బృందము సంవత్సరముల తరబడి చికిత్స చేసి, పెక్కుమందికి ఫిట్లు ఆగిపోయినవని 2001లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించినది. సరియైన చికిత్స అందినచో మూర్ఛరోగులలో నూటికి 70 మంది వరకు ఫిట్లు లేకుండ జీవింపగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అయితే ఒకరి మాత్ర మరియొకరికి పనికిరాదు. ఒక రకమునకు మేలు చేయు మందు వేరొక రకమును హెచ్చింపవచ్చును. మన పిల్లవానికి వచ్చిన ఆబ్సెన్స్ రకమునకు కార్బమజెపైను అట్టిది. నాలుగు నెలలు ఫిట్లు రాలేదని ఒక్కసారిగా మాత్రలు మానినచో, ఆగక వచ్చు ఫిట్లతో ప్రాణాపాయము కలుగును. శివరాత్రి జాగరణ ఈ పిల్లలకు తగదు; నిద్ర చెడుటయే ఫిట్టునకు పిలుపు. ఉపవాసము పేరిట మాత్ర తప్పించుటయు అంతే. ఆడపిల్లలకు పెండ్లి యీడు వచ్చినప్పుడు కొన్ని మాత్రలను మార్పవలసియుండును, గర్భస్థ శిశువునకు హాని చేయునవి కొన్ని కలవు. కావున ఆ సంగతి డాక్టరు దగ్గర దాచరాదు.

పెండ్లి మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. మన ఇండ్లలో ఆడపిల్ల మూర్ఛను దాచుటకు ముఖ్య కారణము అదియే. హిందూ వివాహ చట్టమున 1976 సవరణ ద్వారా, మరల మరల మూర్ఛ వచ్చుట వివాహమునకు అడ్డంకియని చేర్చిరి. 1999లో పార్లమెంటు ఆ మాటను చట్టము నుండి తొలగించినది. చట్టము విడిచిన మాటను చుట్టములు ఇంకను విడువలేదు. తాళపుచెవులు పట్టించిన ఆ బాలిక తల్లిదండ్రులు ఆమెను బడి మాన్పింపబోయిరి. ఇంటి చుట్టు నాలుగుసార్లు తిరిగి వారిని ఒప్పించితిమి.

శస్త్రచికిత్స అనగా అందరికి గుండె జారును. నిజమునకు న్యూరాలజీకి వచ్చినవారిలో కత్తి అవసరమగువారు కొద్దిమందియే. గడ్డలు, కొన్ని రక్తస్రావములు, మెదడులో నీరు నిలుచుట, మందులకు లొంగని కొన్ని రకముల మూర్ఛ, వీటికి ఆపరేషను చేయుదురు. మన పిల్లలకు సంబంధించినది ముఖ్యముగా తలదెబ్బ. ఇందులో ఒక మోసము కలదు. పిల్లవాడు మేడమెట్లపై నుండియో, స్కూటరు పై నుండియో పడును, లేచి దుమ్ము దులుపుకొనును, మాటాడును, ఇంటికి వచ్చి కాఫీయు త్రాగును. కొన్ని గంటలకు తలనొప్పి యనును, వాంతి చేసికొనును, మగతగా నిద్రించును. నిద్రపోనిమ్మని తలుపు చేరవేయుదురు. కపాలమునకును మెదడు పొరకును నడుమ రక్తము చేరుచున్నదనుటకు అవి గుర్తులు. సకాలమున స్కాను తీసి, కపాలమును తెరచి ఆ రక్తమును తీసివేసినచో పిల్లవాడు మునుపటివలె నడచి ఇంటికి రాగలడు. తెల్లవారనిచ్చినచో రాకపోవచ్చును. తలదెబ్బ తగిలిన పిల్లవాడు మరల మరల వాంతి చేసికొన్నను, ఎన్నడును లేని మగతలో నున్నను, ఒక ప్రక్క చేయి కాలు ఆడకున్నను, కంటిపాపలలో ఒకటి పెద్దదైనను, రాత్రి యెంతయైనను బయలుదేరవలెను. నిమ్హాన్స్‌లో అత్యవసర విభాగము రాత్రింబవళ్ళు తెరచియుండును. ఒంటిమీద ఇతర చోట్ల పెద్ద దెబ్బలున్నచో మాత్రము ముందు అన్ని విభాగములు గల దగ్గరి ఆసుపత్రికి పోవుట మేలు.

పాఠశాల గేటు వద్ద మేము ప్రతి ఉదయము చూచు దృశ్యము ఒకటి కలదు. తండ్రి తలకు హెల్మెటు, వెనుక ముగ్గురు పిల్లలకు ఏమియు లేదు. నాలుగేండ్లు పైబడిన ప్రతివారికి హెల్మెటు తప్పదని 2019 సవరణ చట్టము. తొమ్మిది నెలలు మొదలు నాలుగేండ్ల వరకు గల బిడ్డలకును తగిన హెల్మెటు, పట్టీ ఉండవలెనని 2022 నాటి నియమములు. పోలీసువారు పట్టుకొందురని కాదు మేము చెప్పునది.

తాతలు, అవ్వలు ఉన్న ఇండ్లకు ఒక్క మాట. హఠాత్తుగా మూతి వంకరపోయినను, ఒక చేయి పడిపోయినను, మాట ముద్దగా వచ్చినను అది పక్షవాతము. రక్తనాళములో గడ్డ అడ్డుపడి వచ్చినదైనచో, దానిని కరిగించు సూది మందు నాలుగున్నర గంటల లోపల ఇయ్యవలెను. రక్తనాళము చిట్లి వచ్చినదైనచో ఆ మందే హాని చేయును. రెంటిలో ఏది యని స్కానులోనే తెలియును, ముఖము చూచి తెలియదు. కావున స్కాను యంత్రమున్న ఆసుపత్రికి నేరుగా పోవలెను. నాటుమందు ఇచ్చు ఊరికి కారు మాట్లాడుకొని పోయి, అచ్చట వరుసలో నిలిచి, మూడవ నాడు పెద్దాసుపత్రికి వచ్చువారిని ఆ వరండాలో మేమే ఇద్దరిని చూచితిమి. వారు మనవారే, మన భాషవారే.

డాక్టరు వద్దకు పోవునప్పుడు ఫిట్టును కన్నులార చూచినవారిని తీసికొని పోవలెను. తల్లి చూచి తండ్రి పోయినచో ప్రయోజనము లేదు. వచ్చినప్పుడు రోగి తెలివి తప్పియుండును గనుక అతడు చెప్పగలిగినది కొంచెమే. ఎప్పుడు వచ్చినది, నిద్రలోనా మెలకువలోనా, ఏ ప్రక్క చేయి ముందు అదరినది, కన్నులు తెరచియున్నవా, ఎంతసేపు, తరువాత మాట ఎప్పుడు వచ్చినది, ఇవి ఒక కాగితముపై తెలుగులోనే వ్రాసికొని పొండు. వీలైనచో ప్రక్కనున్నవారు సెల్‌ఫోనులో చిత్రము తీయుటయు మంచిదే. డాక్టరులు దానిని అడిగి చూచుచున్నారు. పాత చీటీలు, వాడిన మాత్రల అట్టలు, స్కాను ఫిలిములు పారవేయరాదు. ఆధారు, రేషను కార్డులు వెంట ఉండవలెను, బి.పి.ఎల్. కార్డు గలవారు దానిని చూపి రాయితీని గురించి అడుగవలెను. కోలారు, చిక్కబళ్ళాపురము ప్రాంతములలోని మన బంధువులు ప్రతిసారి బెంగుళూరు పరుగెత్తనక్కరలేకుండ, కర్ణాటక ప్రభుత్వము నిమ్హాన్స్ తోడ్పాటుతో 2022లో మెదడు ఆరోగ్య పథకమును ఆ జిల్లాలలోను, ఇచ్చట జయనగర ఆసుపత్రిలోను మొదట ప్రారంభించినది. మొదట జిల్లా ఆసుపత్రిలో విచారించుట మంచిది.

ఉక్తలేఖనపు పిల్లవాడు ఇప్పుడు ఏడవ తరగతి చదువుచున్నాడు. మాత్రలు ఇంకను వాడుచున్నాడు. ఎప్పుడు తగ్గింపవలెనో డాక్టరులే చెప్పుదురు. అతని పుస్తకములో ఖాళీలు లేవు. అక్షరదోషములు మాత్రము అందరి పిల్లలవలెనే కొన్ని కనబడుచున్నవి, వాటికి మేము సంతోషించుచున్నాము. పాత ప్రగతి పత్రములోని మా మాటను కొట్టివేసి, క్రింద సంతకము చేసి, తల్లికి ఇచ్చితిమి.

ఈ సంవత్సరము నుండి, ఉక్తలేఖనమున నడుమ మాటలు తప్పుచున్న పుస్తకములను సున్న చుట్టకమునుపు మాకు చూపవలెనని ఉపాధ్యాయులకు చెప్పియున్నాము. మీ పిల్లలకు మూర్ఛ యున్నచో ఆ సంగతియు, వాడు మాత్రల పేరును, పిలువవలసిన ఫోను నెంబరును మాకు తెలుపుడు. తరగతిలో ఎవరికిని చెప్పము. నలుగురిలో చెప్పుటకు సంకోచించువారు సాయంకాలము నాలుగు గంటల తరువాత మా గదికి రావచ్చును. అప్పుడు గుమాస్తా కూడ ఉండడు.